బుట్టలో గూబపిల్ల

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే అమలాపురం అవతల మా అమ్మమ్మగారి ఊరే. నాకు పదేళ్ళున్న ఏడాది మా పిన్ని కూడా పురిటికి అక్కడికే వచ్చింది. నెలలు నిండిన మనిషి, గడప దాటనివ్వరు. పొద్దుపోవడానికి ఉంటుందని బాబాయి తన కెమెరా ఇచ్చి పంపించారు. ఆవిడకు పొద్దుపోయింది మాత్రం గుడ్లగూబ పిల్లలతో.

పెరట్లో తల విరిగిన కొబ్బరి మోడు ఒకటుండేది. దాని తొర్రలో మూడు పిల్లలు. ఎండ తగ్గేవేళకి తల్లీ తండ్రీ మేతకు బయల్దేరితే, ఇవి తొర్ర అంచుకొచ్చి కూర్చునేవి. పిన్ని వెనక వరండాలో కుర్చీ వేసుకుని గంటలకొద్దీ చూసేది. రీల్లో ఉన్నవే ముప్పై ఆరు ఫోటోలు. మూడూ ఒకేసారి ఇటు చూస్తే తప్ప మీట నొక్కనని ఆవిడ పట్టు. నాకంత ఓపిక ఎక్కడిది? నొక్కవేం పిన్నీ అని ప్రాణం తీసేదాన్ని.

అమ్మమ్మకు ఇదంతా సుతరామూ గిట్టేది కాదు. "పురిటి మనిషున్న ఇంట్లో గూబ కూతేంటే? దింపుకొచ్చిన రోజున ఆ మోడు కొట్టించి పారేస్తాను," అని రోజూ అనేది. దింపంటే కొబ్బరికాయలు దించడం. పిన్ని నవ్వి ఊరుకునేది కానీ, ఆ పిల్లల్లో ఒక్కటి అమ్మమ్మ కాళ్ళకు అడ్డంపడినా మోడు మిగలదని మా ఇద్దరికీ తెలుసు.

దింపు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేను ములక్కాడలు కోసే దోటీ పట్టుకెళ్ళి తొర్ర అంచున తట్టాను. పిల్లల్ని లేపి బయట కూర్చోబెడితే పిన్ని వచ్చేసరికి ఫోటో సిద్ధంగా ఉంటుందని నా తెలివి. రెండోసారి తట్టేసరికి ఒకటి దబ్బున కింద పడింది.

నా ఏడుపు విని పిన్ని వచ్చింది, మెడలో కెమెరాతో. "గాలికి పడిపోయింది పిన్నీ," అన్నాను. ఆకు కదలని ఎండ అది. పిన్ని నా వంకా, పక్కన పడున్న దోటీ వంకా చూసింది. పిల్లను కొంగుతో ఎత్తి పూలబుట్టలో పెట్టి, బుట్ట నా చేతికిచ్చింది.

పిల్ల పసుపు కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది. అన్నాళ్ళు ఎదురుచూసిన బొమ్మ జానెడు దూరంలో ఉంది. "తీయి పిన్నీ," అన్నాను, నా తప్పు కాస్తయినా మాఫీ అవుతుందన్న ఆశతో. పిన్ని కెమెరాను తోలుసంచీలో పెట్టేసి, బుట్ట మీద తువ్వాలు కప్పింది.

"భయపడి చూస్తోందే అది. అలా ఉన్నప్పుడు తీయకూడదు. ముందు ఇంటికి చేర్చాలి," అంది.

దింపు తీసే ఆయన్ని మేం మామయ్యా అని పిలిచేవాళ్ళం. పిల్లను మళ్ళీ తొర్రలో పెట్టమని పిన్ని అడిగితే, ఆయన వచ్చి మోడును అరచేత్తో తట్టి చూశారు. "పుచ్చిపోయిందండి. ఎక్కితే విరిగిపోద్దండి. పక్క చెట్టెక్కి అందిస్తానండి, ఆయ్," అన్నారు. ఆయన కాళ్ళకు తాడు వేసుకుంటుండగానే అమ్మమ్మ వచ్చి, బుట్ట మీద గుడ్డ ఎత్తి చూసింది.

"ఇంకా చూస్తావేంటయ్యా, గొడ్డలి తీసుకురా," అంది.

నేను బుట్టను గుండెకు హత్తుకున్నాను.

పిన్ని గొంతు పెంచలేదు. "అమ్మా, కడుపుతో ఉన్న మనిషింట్లో కప్పు విప్పకూడదని పశువుల పాక నేయించడం నువ్వే ఆపించేవు. ఇప్పుడు పిల్లలున్న గూడు కూలదోయించి నన్ను పురిటిమంచం ఎక్కమంటావా?"

అమ్మమ్మ మాటే అమ్మమ్మకు అడ్డొచ్చింది. "ఏడిశావులే. పురుడొచ్చేదాకే," అని, తువ్వాలు మళ్ళీ తనే కప్పి లోపలికెళ్ళిపోయింది.

మామయ్య బుట్ట నడుముకు కట్టుకుని పక్క చెట్టెక్కారు. ఒక చేత్తో మాను కావలించుకుని, రెండో చేత్తో పిల్లను తొర్రలోకి వదిలారు. మనుషులు ముట్టుకున్న పిల్లను తల్లి రానిస్తుందో లేదోనని నాకు ఒకటే దిగులు. సాయంత్రం తల్లి మిడతను కరుచుకొచ్చి తొర్రలోకి దూరేవరకూ నేను వరండాలోంచి కదల్లేదు. అప్పుడు చెప్పాను పిన్నికి, దోటీతో తట్టింది నేనేనని.

"తెలుసులే. అందుకే బుట్ట నీకిచ్చాను," అని నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ క్షణంలో పిన్ని మీద కలిగినంత ప్రేమ నాకు మా అమ్మ మీద కూడా కలగలేదు.

నాలుగు రోజులకు మూడూ ఒకేసారి ఇటు చూశాయి. పిన్నికి ఆడపిల్ల పుట్టేనాటికి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. మోడు మాట అమ్మమ్మ మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఫోను లేని చెయ్యి లేదు. నా ఫోన్లోనూ మనవల ఫోటోలు బోలెడు. పడి ఏడుస్తున్నవి, బెదిరి చూస్తున్నవి మాత్రం ఒక్కటీ లేవు. ఆ వేళప్పుడు ఫోటో తీయడానికి నాకు చెయ్యి రాదు. పిన్ని తీసిన ఆ గూబపిల్లల ఫోటో మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ళు మూడూ ఎంత ముద్దుగా ఉన్నాయో అంటారు. ఇన్నేళ్ళయినా నేను మాత్రం, వాటిలో ఆవేళ నా చేతుల్లో ఉన్నది ఏదా అని వెతుకుతూనే ఉంటాను.