పదకొండు పులిబొమ్మ అర్ధరూపాయలు

నాణేన్ని యెహెజ్కేలు ఎప్పుడూ అంచు పట్టుకునే తీస్తాడు. వేలు ముఖానికి తగలనివ్వడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు వంచి, ముందు రాజుగారి కనుబొమ్మ చూస్తాడు. తర్వాత చెవి. వెనక్కి తిప్పి, పులి వీపు మీద చారలు. చేతులు మారిన కొద్దీ నాణెం మొదట అరిగేది అక్కడే.

మొగల్తూరు పక్క పల్లెలో పుట్టి, ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. గుమాస్తా జీతానికి వెండి రూపాయలు అందవు కాబట్టి మొదటినుంచీ చిల్లర మీదే పడ్డాడు. కాణీలు, బేడలు, పావలాలు, నికెల్ అర్ధరూపాయలు. పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం ఒకటి దగ్గరుంటుంది. అసలు నికెల్ దానికి అంటుకుంటుంది, రాగి కలిసిన నికెల్ అంటుకోదు. చూసిన ప్రతి నాణేన్నీ నోటుపుస్తకంలో నాలుగు తరగతుల్లో ఏదో ఒకదాని కింద రాస్తాడు. అన్నిటికన్నా పైది ‘చెయ్యి మారనిది’. టంకశాలలో ఎలా పుట్టిందో అలాగే ఉన్న నాణెం. ఈ నలభై ఏళ్ళలో ఆ తరగతి కింద అతను రాసినవి రెండు పేజీలు దాటవు. రాజమండ్రిలో పాత నాణేల వ్యాపారం చేసే తాతాజీ, యెహెజ్కేలు ఫోనులో తరగతి చెబితే చాలు, నాణెం చూడకుండానే ధర కట్టేస్తాడు. అంత నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఊళ్ళో లూథరన్ చర్చివాళ్ళు పంతొమ్మిదేళ్ళుగా అతన్నే ట్రెజరర్‌గా ఉంచారు. ఆదివారం ఆరాధన అయ్యాక అతనూ, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన హెలెన్ టీచరూ కానుకల సంచి బల్ల మీద బోర్లించి లెక్కపెడతారు. మఖమల్ గుడ్డతో కుట్టిన లోతైన సంచి అది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళుతుంది, ఎవరు ఎంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. ఒకవేళ తెలిసినా ట్రెజరర్ నోరు విప్పకూడదు. అది అక్కడి కట్టు. చెల్లని పాత నాణెం ఏదైనా వస్తే టీచర్ పక్కకి నెట్టేది. యెహెజ్కేలు దాని బదులు పది రూపాయల బిళ్ళ వేసి దాన్ని తీసుకునేవాడు. కమిటీలో అందరికీ తెలిసిన సంగతే, పైగా చర్చికి లాభమే.

కిందటేడు జూన్ మొదటి ఆదివారం సంచిలోంచి ఒక పులిబొమ్మ అర్ధరూపాయి దొర్లింది. 1947 నాటిది. ఇంటికెళ్ళి కిటికీ దగ్గర వంచి చూస్తే పులి చారలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. చెయ్యి మారనిది. జులై మొదటి ఆదివారం అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఆగస్టులో సంచి పట్టే కుర్రాడికి జ్వరం వస్తే ఆడవాళ్ళ వైపు యెహెజ్కేలే సంచి తిప్పాడు. ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళే రూతు కొంగు ముడి విప్పి పిడికిలి సంచిలో పెట్టడం చూశాడు. రూతుకి అరవై దాటాయి. కొడుకూ కోడలూ పోయాక మనవరాలు ఆశాజ్యోతిని ఒక్కతే పెంచుతోంది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. ‘అక్కా, అవి ఒక్కొక్కటీ పన్నెండు వందలు పలుకుతుంది, దాచుకో’ అంటే అయిపోయేది. చెప్పలేదు. కానుకల సంగతి పైకి అనకూడదు కదా అని కట్టును అడ్డం పెట్టుకున్నాడు. అసలు కారణం వేరే ఉంది. చెబితే ఆమె అమ్ముకుంటుంది, వచ్చే నెల సంచిలో పులి ఉండదు. ఆ కారణాన్ని మాత్రం అతను ఎన్నడూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసుకోలేదు. ఏప్రిల్ వచ్చేసరికి పదకొండయ్యాయి. తర్వాత రావడం ఆగిపోయింది.

ఈ ఏడు జులైలో ఒక ఆదివారం, ప్రార్థన మనవులు చదువుతూ పాస్టరుగారు ఆశాజ్యోతి పేరు చెప్పారు. రాజమండ్రిలో నర్సింగ్ సీటొచ్చిందట. మొదటి ఏడు ఫీజుకి ఇంకా పన్నెండు వేలు తక్కువట, అందరూ ప్రార్థించండి అన్నారు. యెహెజ్కేలు తల వంచుకున్నాడు గానీ ప్రార్థించలేదు. పదకొండు పన్నెండులు ఎంతో ఆ లెక్క వద్దన్నా వచ్చేసింది.

మంగళవారం మధ్యాహ్నం పదకొండు నాణేలూ కవరులో పెట్టుకుని రూతు ఇంటికి వెళ్ళాడు. ఆమె పాక పక్కన గేదెకి గడ్డి వేస్తోంది. అరుగు మీద కూర్చోమని మంచినీళ్ళిచ్చింది. అతను కవరు పక్కన పెట్టి జరిగిందంతా చెప్పాడు. ఆఫీసులో సంజాయిషీ రాసినట్టు, తేదీలతో సహా. ఇవి పట్టుకెళ్ళి అమ్మితే ఫీజు తీరిపోతుందనీ, తాతాజీతో తను మాట్లాడతాననీ అన్నాడు.

రూతు కవరు ముట్టుకోలేదు. ఆ నాణేలు ఆమె అత్తగారివి. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసినప్పుడు దొరసాని డాక్టరు కొత్త బిళ్ళలు జీతంగా ఇస్తే, ఖర్చుపెట్టబుద్ధి కాక పౌడరు డబ్బాలో గుడ్డ చుట్టి దాచిందట. పిల్ల ఇంటర్ రెండో ఏడులో చేరినప్పుడు రూతు మొక్కుకుంది. పాసయ్యేదాకా నెలకొకటి దేవుడికి.

“అయితే ఇవి చర్చిలో లేవాండీ?” అని అడిగింది.

“నా బీరువాలో ఉన్నాయక్కా. చర్చికి మాత్రం ఒక్క పైసా నష్టం రానివ్వలేదు. ఒక్కోదానికీ పది రూపాయలు వేశాను.”

“నేను పది రూపాయలు మొక్కలేదండి.”

ఆమె గేదె వైపు తిరిగింది. “మరి పిల్లకి సీటెలా వచ్చిందంటారు, గుమాస్తాగారూ?” ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగింది.

డబ్బు దగ్గర మోసం చేశాననుకుంటూ వచ్చాడతను. ఆమె లెక్కలో తప్పు డబ్బు దగ్గర లేదు. ఫీజు మాట మళ్ళీ ఎత్తబోతే రూతు వినలేదు. దేవుడికిచ్చింది వెనక్కి తెచ్చుకుని పిల్లని చదివిస్తే ఆ చదువు అచ్చి రాదంది. ఆదివారం అందరి ముందూ ఆ పదకొండూ సంచిలో వేయమంది. అది చాలంది.

వేశాడు. లెక్కపెట్టేటప్పుడు హెలెన్ టీచర్ కళ్ళజోడు తీసి అతని వంక చూస్తే, ఉన్నదున్నట్టు చెప్పి ట్రెజరర్ పని మానుకుంటున్నానన్నాడు. ఆమె వారించలేదు. కమిటీలో పెద్ద గొడవేమీ కాలేదు. ఎవరో ఒకరు, “ఎలాగూ మీకు తెలిసిన విద్యే కదండీ, మీరే మంచి రేటుకి అమ్మి పెట్టండి, కొత్త మైకుసెట్టు కొందాం” అన్నారు. ఆ మాటకి బదులు తిట్టి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేదనిపించింది యెహెజ్కేలుకి.

పది రోజుల తర్వాత ఆ పదకొండూ కవరులో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాడు. తాతాజీ కొట్లో గాజుపలక కింద, చవకరకం నాణేలు పోసే పళ్ళెంలో రెండు పులిబొమ్మ అర్ధరూపాయలు కొత్త స్టీలు గ్లాసుల్లా మెరుస్తూ కనిపించాయి. అంచు పట్టుకుని ఒకటి తీశాడు. చారలు పదునుగా ఉన్నాయి. కానీ ఒళ్ళంతా సన్నటి గీతలు. చింతపండుతో నానబెట్టి బూడిద పెట్టి తోమారు. పుట్టినప్పటి పొర పోయింది. అలా తోమిన నాణేన్ని సేకరించేవాడెవడూ తరగతిలో వేయడు.

“మీ వైపు ఆవిడేనండి, శనివారం మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది” అన్నాడు తాతాజీ. “రూతు అని చెప్పింది. డబ్బాలో ఇంకో రెండు మిగిలాయంట, పన్నెండు వందలొస్తాయని మీరు చెప్పారంట. అమ్మకానికి పెట్టేది శుభ్రంగా ఉండాలని రాత్రంతా నానేసి తోముకొచ్చింది. నేనేం చెయ్యనండి, ఒక్కోటి యాభైకి తీసుకున్నాను.”

“నాకెందుకు చూపించలేదట?”

“నేనూ అదే అడిగానండి. ఊళ్ళోనే అంత తెలిసినాయన ఉన్నారు కదమ్మా, తోమకూడదని ఒక్క మాట చెప్పేవారు కదా అన్నాను. ఆయన చెప్పేవారైతే ఎప్పుడో చెప్పేవారండి అంది. పోనీలెండి, గేదె ఉంది కదా, దాన్ని ఇచ్చేస్తానంది.”

యెహెజ్కేలు ఆ నాణేన్ని పళ్ళెంలో పెట్టేశాడు. జేబులోంచి కవరు తీసి బల్ల మీద ఉంచాడు. తాతాజీ దాన్ని విప్పనైనా లేదు.

“తరగతి మీరే చెప్పండి. మీరు చెప్పాక నేను చూడ్డమేంటండీ.”

“విప్పి చూడు” అన్నాడు యెహెజ్కేలు. “అన్నీ చూడు.”

తాతాజీ వింతగా చూసి, దీపం దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే వంచి చూడడం మొదలుపెట్టాడు. పదకొండు చూసేసరికి అరగంట పట్టింది. పదమూడు వేల రెండు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. రశీదు చర్చి పేరున రాయించుకుని యెహెజ్కేలు బస్టాండుకి నడిచాడు. ఊరు చేరేసరికి సాయంత్రమైంది. రూతు పాక పక్కన గేదెని కట్టేసే గుంజ ఖాళీగా ఉంది. కింద వేసిన గడ్డి సగం అలాగే మిగిలి ఉంది.