అరవై అయిదు వేల రంగుల ఫోను, ఒక నేరేడు చీర

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో చేతిలో సెల్‌ఫోను ఉన్నంత మాత్రాన మనిషికి గౌరవం వచ్చేది కాదు. తెర నలుపు తెలుపా, రంగులదా అని అడిగి, దాన్ని బట్టి కుర్చీ వేసేవాళ్ళు. మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు అమ్ముతాం. నడక రాకముందే తానుల మధ్య పాకినదాన్ని కాబట్టి, చెప్పిన ధరకి ఏదీ కొనకూడదన్నది నాకు ఉగ్గుపాలతో అబ్బింది (గుడి ముందు కొబ్బరికాయకి కూడా బేరమాడి అమ్మ చేత తిట్లు తిన్నాను). డిగ్రీ అయిపోయి కొట్లో కూర్చుంటున్న కొత్తలో, రంగుల ఫోను కొనాలన్న పిచ్చి పట్టి, బస్టాండు దగ్గర పాత ఫోన్లమ్మే అన్నయ్య దగ్గరికి వెళ్ళాను.

"అరవై అయిదు వేల రంగులున్నయ్ అమ్మాయ్ దీంట్లో!" అన్నాడు, ఆ రంగులన్నీ తనే అద్దినట్టు.

"అన్నేం చేసుకోను? మా కొట్లో ఉన్న రంగులే సగం అమ్ముడుపోక దుమ్ము పట్టినయ్. సగం రంగులు తీసేసి రేటు తగ్గించు అన్నయ్యా."

"రంగులు కత్తిరించి ఇచ్చేదానికి ఇదేమన్నా జాకెట్టు ముక్క అనుకున్నావా?"

అలవాటు ప్రకారం మెట్లు దిగిపోయినట్టు నటించి, వెనక్కి పిలిపించుకుని, పౌచ్ ఒకటి కొసరు వేయించుకుని మరీ కొన్నాను. అసలు అయోమయం ఇంటికొచ్చాక మొదలైంది. రింగ్‌టోనులో పదహారు వాయిద్యాలు ఒకేసారి మోగుతాయన్నాడు. అది మోగగానే పెళ్ళి ఊరేగింపు వచ్చిందని అమ్మ వీధిలోకి పరిగెత్తింది. జీపీఆర్‌ఎస్ అని ఒకటుంది, పొరపాటున నొక్కితే డబ్బులు పోతాయని తెలుసు గానీ ఎందుకు పోతాయో తెలియదు. కెమెరాతో పాటు ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉందన్నాడు. అందులో ఎరుపు ఎక్కడుందో వెతికి వెతికి, మర్నాడు వెళ్ళి అడిగితే "అది కంటికి కనపడదమ్మా" అన్నాడు (కనపడని రంగుకి కూడా నా దగ్గర డబ్బు తీసుకున్నాడన్నమాట). ఫోను అడుగున ఒక మూల చిన్న రంధ్రం కూడా ఉంది. అదెందుకంటే ఫోను తిరగేసి చూసి, "గాలాడేదానికేమో" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే కరెంటాఫీసు అత్తయ్య చీర పట్టుకుని కొట్టుకొచ్చింది. చుట్టమేం కాదు, వాళ్ళాయన కరెంటాఫీసులో చేస్తాడు, వెనక వీధిలో ఉంటారు. నాలుగు రోజుల్లో మాచర్లలో కూతురి నిశ్చితార్థం. తను కట్టుకోబోయే నేరేడుపండు రంగు పట్టుచీరకి జాకెట్టు గుడ్డ కావాలి. ఆ రంగు మా దగ్గర అయిపోయింది, గుంటూరు వెళ్ళి తేవాలి. నాన్నకేమో మోకాలు వాచింది. అప్పటిదాకా సరుకు కొనడానికి నన్ను ఒక్కసారీ పంపలేదు. ఆ రోజు మాత్రం, "నువ్వు పోయిరా. సరిగ్గా తెచ్చావా, ఇక ముందు సరుకంతా నువ్వే తేవాల" అన్నాడు. నాకు ఆకాశం అందింది.

"చీర మాత్రం ఊరు దాటనియ్యను తల్లీ," అంది అత్తయ్య.

"చీరెందుకమ్మా, కొంగు చివర ఒక్క దారప్పోగు ఇస్తే చాలు," అన్నాడు నాన్న. ఆ పోగుని తాను మీద పెట్టి రంగు కలపడం మా వ్యాపారంలో తరాలుగా నడిచే పద్ధతి.

"దారమేంది నాన్నా! ఇందులో అరవై అయిదు వేల రంగులున్నాయి," అని నేను ట్యూబులైటు కింద చీరని ఫొటో తీశాను.

గుంటూరు హోల్‌సేలు కొట్లో ఫోను తీసి చూపించాను. ఎదురుగా పెడితే చీర నీలంగా ఉంది. కొంచెం వంచితే వంగపండు. కిందనుంచి చూస్తే నలుపు. ఈలోగా తెర ఆరిపోయింది, మళ్ళీ నొక్కాను. కొట్టు బాబాయి కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయీ, ఇంతకీ ఏ రంగు తియ్యమంటావు, పైనుంచి కనపడేదా, కిందనుంచి కనపడేదా?" అన్నాడు. ఎదురుగా కనపడేదే నిజం కదా అనుకుని, నీలం తానులో ముక్క కోయించి, బేరమాడి, గెలిచిన రాణిలా బస్సెక్కాను.

సాయంత్రం అత్తయ్య చీరతో వచ్చింది. మా కొట్లో రంగు చూడాలంటే గడప బయట వెలుతుర్లో చూడాల్సిందే. రెండూ పక్కపక్కన పెట్టగానే ఆమె మొహం మారిపోయింది.

"ఏమే, ఇది నేరేడా? సిరాబుడ్డి ఒలికినట్టుంది!"

ఫోను తీశాను. ఎండలో ఆ తెర మీద నా బిక్కమొహం తప్ప ఏమీ కనపడలేదు. చున్నీ కప్పి, నాన్నతో సహా మూడు తలలూ దూర్చి చూస్తే, ఫొటోలో చీర సరిగ్గా నా గుడ్డ రంగులోనే ఉంది! నాలోని వ్యాపారి ఊరుకోలేదు.

"చూశారా! ఫోన్లో చక్కగా కలిసింది. తేడా ఉంటే మీ చీరలోనే ఉండాలి అత్తయ్యా."

"అయితే ఎల్లుండి నిశ్చితార్థానికి ఫోను చుట్టుకుని పోవాలా ఏందే?"

నాన్న నవ్వు ఆపుకోలేక మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడుపే తక్కువ. ఇక గుంటూరు నాకు దక్కదు. ఆమెకేమో జాకెట్టు లేదు. అప్పుడు చీర అంచు కంటబడింది, ఆవపిండి రంగు. పరిగెత్తి అరలోంచి ఆ రంగు గుడ్డ తెచ్చి అంచు పక్కన పెట్టాను. ఎండలో రెండూ ఒకటైపోయాయి. అత్తయ్య చానాసేపు అటూ ఇటూ తిప్పి, "ఈ ముక్క మొన్ననే చెప్పుంటే గుంటూరు తిప్పలు తప్పేవి గదే," అంటూనే కోయించుకుంది (బేరం నేనాడలేదు, ఆమే ఆడింది).

తర్వాతి వారం నాన్న నన్ను పిలిచి, నా ఫోను అడిగాడు. లాక్కుంటున్నాడనుకుంటూనే ఇచ్చాను. దాని అడుగున ఉన్న రంధ్రంలోంచి, ఈసారి తేవాల్సిన గుడ్డలకి నమూనాగా చిలకపచ్చ, ఉల్లిపొర, దొండపండు రంగు దారాలు మూడు దూర్చి ముడేసి, "పోయిరా గుంటూరుకి," అన్నాడు. ఆ ఫోన్లో నాకు పూర్తిగా అర్థమైన సౌకర్యం అదొక్కటే.

ఇప్పుడు కొట్టు నాది. చీరల ఫొటోలు వాట్సాప్‌లో వచ్చిపడుతుంటాయి, మ్యాచింగ్ ఉందా అంటూ. ఇప్పటి నా ఫోన్లో కోట్ల రంగులట. ఒక్కోసారి ఆ ఫొటో చూస్తూ చూస్తూ, నాకు తెలియకుండానే ఫోను తిరగేసి, అడుగున వేలితో తడుముతాను. దారం కట్టడానికి చోటే లేదు. "చీర పట్టుకు రండమ్మా," అని జవాబిచ్చి, గడప బయట ఎండ ఎంతసేపుంటుందో చూసుకుంటాను.