పాటల పుస్తకంలో చివరి రెండు లైన్లు

మా హీరో కొత్త సినిమా గురజాలకు ఎప్పుడొస్తుందో మా వీధిలో అందరికంటే ముందు నాకు తెలియాలి. తెలియకపోతే అన్నం సయించేది కాదు. ఎనిమిదో తరగతితో చదువు మానేసి మిరప కోతలకు పోతున్నదాన్ని. అయినా బస్టాండు బడ్డీకొట్లోకి వారం వారం వచ్చే సినిమా పత్రిక నేను చూశాకే ఊళ్ళోకి పోవాలి. కొట్టాయన భార్య మా కోత జట్టులోనే ఉండేది, ఆమె మొహం చూసి ఆయన నన్ను నిలబడి చదువుకోనిచ్చేవాడు.

తెల్లారి చేలో వరస పట్టగానే ఆడవాళ్ళు మొదలెట్టేవాళ్ళు. "ఏందే, ఈ వారం కబుర్లేంది?" ఎవరి షూటింగు ఎక్కడ జరుగుతోంది, గుంటూరులో ఏ సినిమా ఆడుతోంది, అది మన హాలుకు ఎన్నాళ్ళకు దిగుతుంది, అన్నీ చెప్పేదాన్ని. తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేదాన్ని. ఎవరైనా కాదంటే ఆ పూట వాళ్ళతో మాట్లాడేదాన్ని కాదు.

నా కబుర్లకు అందరికంటే ఎక్కువ నవ్వేది మా వదిన, అన్నయ్య భార్య. ఆమెకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పట్నించి ఇంట్లో ఆమె నవ్వు వినడమే తక్కువ. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఆదివారం సాయంత్రం ప్యాసింజరుకు అన్నయ్య ఆమెను సత్తెనపల్లి దగ్గర పుట్టింట్లో దిగబెట్టాలి. నేను కాచుక్కూర్చున్న సినిమా సరిగ్గా ఆ వారమే, శుక్రవారం మా హాల్లో విడుదల.

నన్ను ఒక్కదాన్నే హాలుకు పంపే అమ్మ కాదు మా అమ్మ. తోడుకు వదిన కావాలి. అయితే మా వైపు కడుపుతో ఉన్న మనిషికి ఏడుపు సినిమా చూపించరు. ఎవరైనా చచ్చిపోయే సినిమా అసలు చూపించరు. వీధిలో ఏ ఇంట్లో ఇలాంటి అనుమానం వచ్చినా ముందు నన్నే అడిగేవాళ్ళు. అమ్మ కూడా అడిగింది.

"ఇందులో ఎవురన్నా చస్తారా ఏందే?"

గుంటూరులో చూసొచ్చిన వాళ్ళు తెచ్చిన పాటల పుస్తకం నా దగ్గరుంది. పాటలకు ముందు ఒక పేజీ కథ ఉంటుంది. అమ్మకు చదువు రాదు. నేను గట్టిగా చదివాను. సంబంధం కుదరడం, అత్తగారి ఆగడాలు, మధ్యలో కామెడీ, అన్నీ చదివి పుస్తకం మూసేశాను. చివరి రెండు లైన్లు చదవలేదు. అక్కడ ఇట్లా ఉంది: "పురిటి నొప్పులతో వానలో పడిపోయిన ఆ ఇల్లాలు బతికిందా? మిగతా కథ వెండితెరపై చూడండి."

"ఎవరూ చావరమ్మా, నాది పూచీ" అన్నాను. మా చర్చి పాస్టరుగారు సినిమాలు పాపమని ఎన్నిసార్లు చెప్పినా నాకు భయం వేయలేదు కానీ, ఆ మాట అన్నాక కాస్త వేసింది. అయినా హీరోని చూడాలన్న పిచ్చి ముందు ఆ భయం ఎంతసేపు నిలుస్తుంది?

శనివారం మ్యాట్నీకి వెళ్ళాం. ఇంటర్వెల్ దాకా వదిన కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వుతుంటే నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను. తర్వాత తెర మీద వాన మొదలైంది. హీరోయిన్ గుమ్మంలో పడిపోయింది. మంత్రసాని తల అడ్డంగా ఆడించింది. వదిన నా చెయ్యి పట్టుకుంది, గాజులు నొక్కుకుని నా మణికట్టు నొప్పి పుట్టింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఈలలు, అరుపులు. చిన్న హాలు, జనరేటరు లేదు. గంటసేపు విసనకర్రలతో కూర్చున్నాం. ఆఖరికి గేటు మనిషి వచ్చి, "సగం టిక్కెట్లు దాచుకోండమ్మా, రేపు మ్యాట్నీకి రానిస్తాం" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, సినిమా ఎట్టుందని. "చానా బాగుంది అత్తయ్యా" అంది వదిన. నన్ను కాపాడింది. నాకు తల కొట్టేసినట్టయింది. పెరట్లో గిన్నెలు తోముతున్నప్పుడు ఆ రెండు లైన్లు ఆమెకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"రేపు నువ్వు చూసిరా. ఏదైతే అదే చెప్పు. అబద్ధమాడమాక, నీ మొహం చూస్తే తెలిసిపోద్ది నాకు."

ఆదివారం పూట సినిమా ఏందని అమ్మ గయ్యిమంది. "సగం టిక్కెట్టు దండగైపోద్ది అత్తయ్యా, ఈ ఒక్కసారికి ఒక్కదాన్నే పోనియ్యి" అని వదినే ఒప్పించింది. చర్చిలో ఆరాధన అయ్యాక తిని బయల్దేరాను. అటునుంచి అటే స్టేషనుకు రమ్మన్నారు.

మా హీరో తెర మీద ఉండగా నేను హీరోని చూడనిది ఆ ఒక్కరోజే. ఎప్పుడు వాన పడుతుందా అని కూర్చున్నాను. వాన పడింది. ఆమె గుమ్మంలో పడిపోయింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. సినిమాలో మనిషి బతకాలని ప్రార్థన చేసిన పాపిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పసిబిడ్డ ఏడుపు వినిపించింది. కళ్ళు తెరిస్తే ఆమె ఇంకా కదలడం లేదు. మంత్రసాని ఆమె మొహం మీద నీళ్ళు కొట్టింది. ఆమె కళ్ళు విప్పి, ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి చూసి, "ఇప్పుడా రావడం?" అంది. హాలంతా నవ్వింది. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

శుభం పడకముందే లేచి పరుగెత్తాను. స్టేషనుకు చేరేసరికి రైలు ఆగి ఉంది. వదిన కిటికీ దగ్గర కూర్చుని గేటు వైపే చూస్తోంది.

"బతికింది వదినా! బతికింది!"

ఆమె నా మొహంలోకి చూసింది. నేనూ చూపు తిప్పలేదు.

"బిడ్డో?"

"బిడ్డ కూడా."

కిటికీ ఊచ మీద తల ఆనించి గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత నవ్వింది. ప్లాట్‌ఫారం మీద అమ్మ కంగారుగా, "ఎవురే బతికింది?" అంది. ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. నెత్తిన ఠంగుమని ఒక మొట్టికాయ వేసింది. రైలు కదిలి వెళ్ళిపోయాక, "ఇంతకీ ఆడబిడ్డా మొగబిడ్డా?" అని అడిగింది.

మూడు వారాల తర్వాత సత్తెనపల్లి నుంచి కార్డు వచ్చింది. వదిన చెబుతుంటే ఎవరో రాసిపెట్టారు. అమ్మ పొయ్యి దగ్గర్నించి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కార్డు నిండా అక్షరాలు. పైనుంచి చదివే ఓపిక లేక ముందు చివరి రెండు లైన్లు చూశాను.

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం బాగున్నాం, ఈసారి ఎవరినీ పరుగెత్తించలేదని అత్తయ్యకు చెప్పు."

అప్పుడు కళ్ళు తుడుచుకుని, మొదట్నించి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా అమ్మకు చదివి వినిపించాను.