యాకోబు మామ ‘హా’ అన్నాడు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడలేదు, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నేను ఒక మనిషిని తాగుబోతును చేశాను. ఆయన తాగలేదు.

అప్పుడు నాది వైద్యవిద్యలో మూడో ఏడు. చెవి, ముక్కు, గొంతు విభాగంలో పదిహేను రోజులు తిరిగి, సెలవులకు తెలకపల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చాను. మనిషి నిటారుగా నిలబడటం వెనక ఎంత పని జరుగుతుందో అప్పుడే చదివాను. చెవి లోపల ఇసుక నలుసుల్లాంటివి ఉంటాయి. అవి చోటు తప్పితే పక్క మీద ఒత్తిగిలినా ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. తలను ఒక వరసలో వంచి తిప్పితే మళ్లీ చోటుకు చేరతాయి. మందు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. పక్కింటి రాములమ్మకు అలాగే తిరుగుతుంటే మంచం మీద పడుకోబెట్టి చేశాను. లేచి కూర్చుని, పోయింది బిడ్డా అంది. మర్నాడు మరో ఇద్దరు వచ్చారు. తల తిప్పి తలతిరుగుడు తీసేసే డాక్టరమ్మ అని పేరు పడింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేనూ ఎరగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దేవమ్మ తన భర్త యాకోబును రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఊరి వరసలో ఆయన నాకు మామ. నాగర్‌కర్నూల్‌లో సెంట్రింగ్ మేస్త్రి, స్లాబుల కింద చెక్కలు కట్టే పని. ఒకప్పుడు కల్లు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి ముట్టలేదు. అప్పటికి మూడేళ్లు. ఆ మూడేళ్ల గురించి దేవమ్మ కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేది.

పొద్దున చర్చిలో పాటకు లేవబోయి కూలబడ్డాడట. రెండుసార్లు వాంతి అయిందట. మా అరుగు ముందు పదిమంది దాకా చేరారు, నా విద్య చూడటానికి. తల మంచం అంచు మీంచి కిందికి వేలాడేలా పడుకోబెట్టి తిప్పాను. తగ్గలేదు. ఇంకోసారి తిప్పాను. ఇంకో వాంతి. లేపి నిలబెడితే ఎడమకు ఒరిగి రాములమ్మ మీద పడబోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇది చెవిల తిరుగుడు గాదు, సీసాల తిరుగుడు అన్నారు ఇంకెవరో. అప్పుడు అందరూ నవ్వారు. నాకు ముఖం మండింది.

హా అను మామా, అన్నాను. అన్నాడు. వంగి వాసన చూశాను. వాంతి పులుపు ఉంది. కల్లు లేదు. మా ఊళ్లో పుట్టిన వాళ్లకు కల్లు వాసన ఒకరు నేర్పాలా?

ఏమనాలి అప్పుడు? నాకు తెలియడం లేదు, పెద్ద దవాఖానకు తీసుకుపోండి అనాలి. అంతే. దానికి చదువు కూడా అక్కర్లేదు. కానీ అలా అంటే నా పేరు పోతుంది, నాలుగు రోజుల కిందట వచ్చిన పేరు. “తాగిండత్తా. పండుకోబెట్టు, దిగుతది” అన్నాను.

ఆయన లేదు లేదు అన్నాడు. నాలుక మొద్దుబారి ఆ మాటే ముద్దముద్దగా వచ్చింది. అది విని ఇంకా నవ్వారు. దేవమ్మ మాత్రం నన్నే చూసింది. తర్వాత ఆయన రెక్క వదిలేసి ఒక్కతే నడిచి వెళ్లిపోయింది.

నేను కాలేజీకి వచ్చేశాను. కొన్ని నెలలకు నరాల వార్డులో ఒక రోగిని చూపించారు. చిన్న మెదడుకు రక్తం ఆగిపోయిన మనిషి. అదే ఒరగడం, అవే ముద్ద మాటలు. ఇలాంటి వాళ్లను తాగారని తిప్పి పంపుతుంటారు, నిలబడలేని వాణ్ణి ఎప్పుడూ ఇంటికి పంపొద్దని మా సారు చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను. ఊరికి ఫోను చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఈలోగా ఊళ్లో జరగాల్సినవి జరిగాయి. మామకు ఆ తూలుడు పూర్తిగా పోలేదు. తూలుతూ స్లాబు ఎక్కేవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? పని పోయింది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. డాక్టరు చదివే పిల్లే చెప్పాక ఇంకేం సాక్ష్యం కావాలి? దవాఖానకు మాత్రం ఎవరూ తీసుకుపోలేదు.

ఏడాది తర్వాత నాగర్‌కర్నూల్ బస్టాండులో కనపడ్డాడు. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

“బిడ్డా, ఆ దినం హా అన్న గదా. నా నోట్ల వాసనొచ్చిందా?”

“గుర్తులేదు మామా.”

“జర యాది జేస్కో. దేవమ్మకు ఒక్క మాట జెప్తె సాలు.”

“ఎన్నడో సంగతి గదా మామా. నిజంగనే యాదికి లేదు.”

“ఔ లే. నీ సదువుల ఎంతమందిని జూస్తవ్. నీకేడ యాదుంటది.”

నా తరఫున సాకు కూడా ఆయనే వెతికిపెట్టాడు. బస్సు వచ్చింది. ఎడమ చెయ్యి తలుపు కమ్మీని రెండుసార్లు తప్పింది, మూడోసారి దొరికింది. నేను తేలు కుట్టిన దొంగలా నా సంచి సర్దుకుంటూ నిలబడ్డాను.

మొదటిది వయసుతో చేసిన తప్పని సర్ది చెప్పుకోవచ్చు. రెండోది? అప్పటికి నాకు జబ్బు పేరు తెలుసు, మందు ఎక్కించడానికి వేళ దాటిపోయిందనీ తెలుసు. కానీ ఆయన నన్ను అడిగింది మందు కాదు. ఒక్క మాట. అదీ ఇవ్వలేదు. ఇప్పుడు జూనియర్లకు నేనే చెబుతుంటాను, ముందు మనిషిని నిలబెట్టి చూడండి అని. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు.

మొన్న అమ్మ ఫోన్లో మాటల మధ్య చెప్పింది. యాకోబు మామ బయటి నుంచి వస్తే, దేవమ్మ ఇప్పటికీ గడప దగ్గరే ఆపి హా అనమంటుందట. ఆయన ఎదురు చెప్పకుండా అంటాడట. ఆ తర్వాతే అన్నం పెడుతుందట. ఆరేళ్లుగా, రోజూ.

దేవమ్మకు చదవడం రాదు. అందుకే ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నానేమో. కావచ్చు. ఆమె గడప ఎక్కి ఈ మాట అంటానో లేదో చెప్పలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. అయినా ఒక్కచోటైనా ఉండాలి కదా అని రాస్తున్నాను. మామా, నీ నోట్లో వాసన రాలేదు. నాకు బాగా గుర్తుంది.