ఎవరూ గొంతు కలపకూడని క్వార్టెట్

సాబిలె పట్టణంలో ముప్ఫై ఒక్క ఏళ్లపాటు పిల్లలకు సంగీతం బోధించి, ఆ పుణ్యఫలాన్ని అదే ఊళ్లో అనుభవించిన మహానుభావుడు ఇందులిస్ స్త్రౌమె. ఆయన రాసిన రెండు సింఫనీలు బీరువాలో కలరా ఉండల మధ్య క్షేమంగా ఉన్నాయి. ఇరవై ఆరో ఏట జలుబుతో మంచం పట్టినప్పుడు మాత్రం, పొద్దుపోక, గాయక బృందాల కోసం మూడు నిమిషాల జోలపాట ఒకటి రాశాడు. అది లాత్వియా అంతటా పాకింది. పెళ్లిళ్లలో పాడారు, పుట్టగొడుగులు ఏరుతూ పాడారు. ఆయన పన్ను పీకుతూ డాక్టరమ్మ కూడా దాన్నే కూనిరాగం తీసింది. నోరు తెరిచి ఉండటం వల్ల ఆయన అభ్యంతరం చెప్పలేకపోయాడు.

ఆ ఊళ్లో గాయక బృందంలో లేని మనిషంటే ఇంకా పుట్టి ఉండడు, లేదా పోయి ఉంటాడు. వీళ్ల బారి నుంచి తప్పించుకోవడానికే ఆయన పదకొండేళ్లు కూర్చుని, రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించే క్వార్టెట్ రాశాడు. అందులో మాట లేదు, మనిషి గొంతుకు చోటు లేదు. రాజధాని రీగా నుంచి నలుగురు వాద్యకారులు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి వాయిస్తామన్నారు. ఆరు గంటల బస్సుకు వెళ్లిపోతారు. మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. అరవై నాలుగేళ్ల ఇందులిస్‌కు మిగిలిన కోరిక ఒక్కటే: దాన్ని ఈ జన్మలో ఒక్కసారి, మొదటి నుంచి చివరి దాకా, ఎవరూ గొంతు కలపకుండా వినాలి.

"మరి మూడో భాగంలో ఆ జోలపాట ఎందుకు పెట్టారండీ?" అంది భార్య ఔస్ట్రా.

"వయోలాలో దాచాను. బాగా నెమ్మది చేశాను. ఎవడికీ ఆనవాలు దొరకదు."

"మన ఊరివాళ్ల దగ్గరా మీరు పాట దాచేది!"

ఆయన వినలేదు. పైగా ఒక ముందుజాగ్రత్త కూడా తీసుకున్నాడు. బృందం జనం ఎక్కడికెళ్లినా ఏ గొంతువాళ్లు ఆ గొంతువాళ్లతోనే గుంపుగా కూర్చుంటారు. ఆయన వాళ్లను విడదీసి, హాలంతా చెల్లాచెదురుగా కూర్చోబెట్టాడు.

"ఏంటి మాస్టారూ, నా పక్కన ఈ బాసు గొంతాయన్ని పడేశారు? పరీక్షేమైనా పెడతారా?" అంది రొట్టెల దుకాణం బిరూటా. ఆమెది ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు.

"పరీక్షే. నోరు మూసుకుంటే పాస్."

మొదటి రెండు భాగాలు సలక్షణంగా నడిచాయి. ఆఖరిదైన మూడో భాగంలో వయోలా నాలుగు స్వరాలు పలికింది. ఐదోది బిరూటా ముక్కులోంచి వచ్చింది. పక్కనున్న బాసు గొంతాయన కింది స్థాయి అందుకున్నాడు. వెనక మూల నుంచి పై గొంతులు లేచాయి. గుంపుగా ఉంటే ఒక్క చూపుతో నోళ్లు మూయించేవాడు. ఇప్పుడు నలుదిక్కులా పాటే. ఎటని చూస్తాడు?

"ఆపండి!" అని లేచాడు. వాద్యకారులు కూడా భయపడి ఆపేశారు. "మిమ్మల్ని ఎవరు పాడమన్నారు?"

"మీరే కదా మాస్టారూ," అంది బిరూటా, నిజంగానే నొచ్చుకుని. "రాగం వినిపిస్తే ఎవరి గొంతు వరస వాళ్లు అందుకోవాలని నాకు ఏడో ఏట నేర్పింది ఎవరు? అందుకోకపోతే గోడకేసి నిలబెట్టేవారు!"

ఆయన గోడ వైపు తిరిగాడు. గడియారం ఐదు దాటింది. మొదటి వయోలిన్ కుర్రది బస్సు సంగతి గుర్తుచేసింది.

అప్పుడు ఔస్ట్రా లేచి, విరామం కోసం చేసి తెచ్చిన పంది కొవ్వు కూరిన చిన్న బన్నుల్లాంటి పీరాగుల పెద్ద బుట్ట ఎత్తుకుని వరసలోకి దిగింది. "తలా రెండు. నోట్లో పెట్టుకోండి. నమలండి, తొందరపడి మింగకండి," అని పంచిపెట్టింది. ఆమె కళ్లలోకి చూసి కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మూడో భాగం మళ్లీ మొదలైంది. తొంభై మంది నిండు నోళ్లతో, దవడలు ఆడిస్తూ, దీనంగా విన్నారు. జోలపాట వయోలాలోంచి చెల్లోలోకి దిగింది. ఇందులిస్ కళ్లు మూసుకున్నాడు. పదకొండేళ్లుగా కాగితం మీద చూసినది ఇప్పుడు గాలిలో ఉంది. ఒకచోట తను రాసిన దానికన్నా బాగుంది కూడా. అది కాస్త చిరాకు తెప్పించింది.

ఇంకా పేజీన్నర ఉండగా పీరాగులు అయిపోయాయి. హాలంతా గుటకలు వినిపించాయి. తొంభై నోళ్లు ఖాళీ. జోలపాట చివరిసారి, అన్ని గొంతులకూ అనువైన స్థాయిలో, తిరిగి వస్తోంది.

ఎవరూ పాడలేదు. బిరూటా రెండు చేతులతో నోరు నొక్కుకుంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. బాసు గొంతాయన టోపీ అంచు కొరుకుతున్నాడు. ఆఖరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా మనిషి గొంతన్నది వినిపించలేదు.

ఆ తరవాతా వినిపించలేదు. నలుగురూ కమానులు దించారు. ఒక నిమిషం గడిచింది. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. తొంభై జతల కళ్లు మాస్టారి మీదే ఉన్నాయి. ఇందులిస్ ముక్కు చీదుకుని, ఎర్రబడ్డ కళ్లతో వెనక్కి తిరిగాడు.

"ఏమిటా మొద్దుల్లా కూర్చోవడం? చప్పట్లు కొట్టమని కూడా నేనే నేర్పాలా?"