ఔటర్‌ల ఉండు

మా అత్తమ్మ ఏసమ్మ మీద నాకు కుళ్లు. పెళ్లై నాలుగేళ్లయినా తగ్గలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనదు, దానికి ఇంకా మంట.

మామయ్య సాల్మన్ కాజీపేటలో గూడ్స్ డ్రైవర్. వేళాపాళా లేని ఆ డ్యూటీలకు ముప్పై ఏళ్లు అన్నం డబ్బా కట్టిన మనిషి అత్తమ్మ. ఆయన పోయి ఆరేళ్లు. ఇప్పుడు మా ఆయన ప్రవీణ్ రైలు నడుపుతాడు, అతని డబ్బా కూడా ఆమే కడుతుంది. నేను కడతానంటే, "నీకు బడికి ఆలస్యమైతది బిడ్డా, నువ్వు పో" అంటుంది. హన్మకొండలో పిల్లలకు జాతీయాలు, సామెతలు చెప్పే తెలుగు టీచర్ని నేను. నా ఇంట్లో మాట్లాడే తెలుగే నాకు అర్థం కాదు.

డ్యూటీ దిగగానే ప్రవీణ్ ఫోన్ చేసేది వాళ్లమ్మకే. అత్తమ్మకు చెవులు కొంచెం మందం, స్పీకర్ పెడుతుంది.

"అమ్మా, లైన్ ఎట్లున్నది?"

"పసుపున్నది కొడుకా. జర నెమ్మదిగ రా."

ఇద్దరూ నవ్వుకుంటారు. పక్కనే కూరగాయలు తరుగుతున్న నేను ఎవరికీ పట్టను. ఆ ఫోన్ ఒక్కసారైనా నాకు రావాలని ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో దేవుడికే తెలుసు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. అతను గడప తొక్కగానే ఎక్కడున్నావు, ఎందుకు చేయలేదు అని మొదలుపెడతాను. అప్పుడు నా నోటికి హద్దుండదు.

మొన్న శుక్రవారం ఏదో విషయానికి పొద్దుటి నుంచే రుసరుసలాడుతున్నాను. సాయంత్రం అత్తమ్మ ఫోన్లో, "ఎర్రగున్నది. ఔటర్‌ల ఉండు" అంది.

మర్నాడు బడిలో లెక్కల సార్ భాస్కర్ గారిని అడిగాను. వాళ్లన్న రైల్వేలోనే. "స్టేషన్ల జాగ లేకుంటే బండిని ముందుగాల ఔటర్ సిగ్నల్ కాడ ఆపుతరు మేడం. డ్యూటీ దిగినోనికి ఔటరేంది?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. డ్యూటీ దిగినవాడు ఇంటికి రాకుండా ఎక్కడుంటున్నాడు? అందుకు వాళ్లమ్మ వత్తాసా?

ఆదివారం ప్రవీణ్ డ్యూటీలో ఉన్నాడు. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఇద్దరం చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాం. ఆగలేకపోయాను.

"నాకు తెల్వని భాషేంది అత్తమ్మా మీ ఇద్దరిది? నేనేమన్న పరాయిదాన్నా?"

ఆమె చేతులు ఆగాయి. "గది సరదాకు పుట్టింది కాదు బిడ్డా. మీ మామ డ్యూటీ దిగొచ్చి పండుకుంటే ఇంట్ల చెంచా సుత చప్పుడు కావద్దు. నిద్ర చెడితే మనిషి కాదు, బెల్టు తీస్తుండె. వీడేమో బడి నుంచి ఉరికొస్తుండె. గందుకే దండెం మీద ఎర్ర తువ్వాల ఏసేదాన్ని. గది కనవడితే గల్లి చివర కల్వర్టు కాడనే కూసుండాలె. గదే మా ఔటర్. మీ మామ మంచిగ లేసినంక ఆకుపచ్చ చీర ఏస్తుంటి."

"మరి పసుపు?"

"లేసిండు గని, కోపం మీదున్నడని."

ఏడేళ్ల పిల్లాడు సంచి ఒళ్లో పెట్టుకుని దండెం వైపు చూస్తూ కూర్చోవడం నాకు కనిపించింది. జాలి వేసింది. జాలిలోనూ కుళ్లే: అంత చిన్నప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య నాకు చోటెక్కడుంది అని. తర్వాత తట్టింది.

"మామయ్య లేడు కదా. ఇప్పుడు ఎర్రగున్నది ఎవరత్తమ్మా?"

ఆమె మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. నా మొహం చూడలేదు.

"మొన్న శుక్రవారం ప్రవీణ్ డ్యూటీ ఎన్నింటికి దిగిండు?"

"అయిదింటికి" అంది మెల్లగా.

ఇంటికి వచ్చింది ఏడింటికి. బండి లేటన్నాడు. బండి మీద కూడా అరిచాను నేను.

అప్పుడే ఫోన్ మోగింది. అత్తమ్మ నా వైపు చూసి, ఎత్తకుండా నా చేతిలో పెట్టింది.

"అమ్మా, లైన్ ఎట్లున్నది?"

"నేను శిరీషను. ఏం లేదు, ఇంటికి రా" అన్నాను. గొంతు ఎంత మెత్తగా పెట్టానో నాకే తెలుసు.



"అమ్మకియ్యి శిరీ" అన్నాడు.