బూడిద రంగు కిటికీ

నాకు చదువు అంకెల దాకానే వచ్చింది. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

మా ఆయన పోయాక, కదిరి దగ్గర మా ఊరి పాల కేంద్రంలో పాలు కొలిచే పని దొరికింది. వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏళ్లలో నాకూ పిల్లలకూ ఆ పనే కూడు పెట్టింది. కొన్నేళ్లకు కేంద్రానికి ఒక పాత కంప్యూటర్ తెచ్చారు.

"అంకెలు నువ్వే కొట్టాలమ్మా. పాలు పోసేవాళ్ల వరుస నిలబడిపోకుండా చేస్తే నువ్వే ఉండు. లేదంటే పదో తరగతి చదివినోళ్లను పెట్టుకుంటాం" అన్నాడు కార్యదర్శి.

ప్రోగ్రాం రాసే పని అప్పుడే కంప్యూటర్ కోర్సు ముగించిన మా అన్న కూతురికే ఇచ్చారు. తెర మీద కనపడే కిటికీలు, బటన్లు ముందే చేసిపెట్టిన సామానుగా దొరుకుతాయట. టూల్‌కిట్ అంటారు. అట్లాంటివి రెండు తీసుకుని, రెండు కిటికీలు కట్టి, కదిరిలో తాను చదివిన చోట కొత్త కంప్యూటర్ మీద నాకు చూపించింది. ఒకటి ఉత్త బూడిద రంగు. రెండోదాంట్లో గాజుల్లా మెరిసే రంగురంగుల బటన్లు.

"ఇదే పెట్టు" అన్నాను.

"అది బరువత్తా. మీ పాత మిషను మొయ్యదు."

"నాకెట్లా రంగులు లేవు. నా ముందర ఉండే డబ్బాకన్నా ఉండనీ పాపా."

ఆ పిల్ల రంగులదే తెచ్చి మా మిషన్లో పెట్టింది.

మొదటి రోజు పొద్దున ఒకామె పాలు కొలిచి బటన్ నొక్కాను. తెర కదల్లేదు. మళ్లీ నొక్కాను. కాసేపటికి ఆమె పాలు రెండుసార్లు ఎక్కి కూర్చున్నాయి.

"ఏమక్కా, నీ బర్రె రేపటి పాలు గూడా ఈపొద్దే ఇచ్చేసినాదే" అన్నాడు వెనకున్నాయన. అందరూ నవ్వారు. వరుస మాత్రం రోడ్డు దాకా పెరిగింది. కార్యదర్శి నవ్వలేదు.

"రేపొక్క దినం చూస్తా" అన్నాడు.

ఇంటికి పోయి నేనే చెప్పాను. "ఆ బూడిదదే పెట్టు పాపా."

"రంగులు వద్దా?"

"పని ఉంటే చాల్లే."

మరునాడు అంకె కొట్టీ కొట్టకముందే తెర మీదికి వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎంటర్ నొక్కితే తర్వాతి గడి సిద్ధం. ఎండ ఎక్కకముందే వరుస అయిపోయింది. కార్యదర్శి క్యాను మూత బిగించి, కేంద్రం తాళంచెవి నా ముందు పెట్టాడు.

"ఇది నీకాడే ఉండనీ. రేపు నువ్వే తెరువు."

సాయంత్రం పాలకు కూర్చుంటే, ఆ బూడిద కిటికీలో ఒక్క బటన్ చిలకపచ్చగా ఉంది. పక్కనే నిలబడ్డ మా అన్న కూతురి వైపు చూశాను.

"దీన్ని మోస్తాదా?"

"ఒక్కటే కదత్తా, మోస్తాది."